గంటసేపటికని అరువు తెచ్చిన చేప

నా పెళ్ళి ఒకసారి చేప నోటిదాకా వెళ్ళి వచ్చింది. మాటవరసకి అంటున్నాననుకోకండి. నిజం చేప, నిజం నోరు. ఆ నోరు తెరుచుకున్నప్పుడల్లా నా ముఖం ఎన్ని రంగులు మారిందో, మా అమ్మ ఎన్ని అబద్ధాలాడిందో, మా నాన్న ఎందుకు లేచి వరండాలోకి వెళ్ళిపోయాడో అంతా చెబుతాను. మీరు నవ్వండి, ఫరవాలేదు. ఇన్నేళ్ళుగా మా ఇంటిల్లిపాదీ నవ్వుతూనే ఉన్నారు, మీరొక్కరూ మానేస్తే నాకు ఒరిగేదేముంది?

అప్పటికి సెల్‌ఫోన్లు కొత్త. గుంటూరు మిర్చి యార్డులో మా నాన్నది కమిషన్ కొట్టు. పగలంతా అక్కడ తుమ్మి, సాయంత్రం ఇంటికొచ్చి నా సముద్రం ముందు కూర్చునేవాణ్ణి. సముద్రమంటే మూడడుగుల గాజు తొట్టి. సూర్యలంక నుంచి క్యాన్లతో మోసుకొచ్చిన ఉప్పునీళ్ళు, అడుగున నాలుగు పగడపు రాళ్ళు, వాటి మధ్య నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న రెండు క్లౌన్ చేపలు. అంతే. ఆ రెండూ బుద్ధిగానే ఉండేవి. బుద్ధి తక్కువైంది నాకే.

పెళ్ళిచూపులకి దర్శి వెళ్ళాం. అమ్మాయి పేరు సుభాషిణి, బడిలో సైన్సు చెప్పేది. కాఫీ ఇచ్చి ఒక్కసారి తలెత్తి చూసింది. నా పని అయిపోయింది. ఈమె కాదంటే నాకింక పెళ్ళే వద్దని గ్లాసు చేతిలో ఉండగానే తీర్మానించేసుకున్నాను. పెద్దవాళ్ళు మా ఇద్దరినీ డాబా మీదికి పంపి, ఐదు నిమిషాలు మాట్లాడుకోమన్నారు. నాలుగు నిమిషాలు నేను అక్కడ ఆరబోసిన మిరపకాయల గురించి మాట్లాడాను. ఏ రకం, తేమ ఎంత, రంగు పోయిన తాలుకాయ ఎంత! ఆమె మర్యాదగా విన్నది. ఐదో నిమిషంలో నా మీద నాకే భయమేసి, "మా ఇంట్లో సముద్రం అక్వేరియం ఉందండి" అన్నాను.

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "నిజంగానా? ఎన్ని చేపలున్నాయి?"

రెండని చెప్పొచ్చుగా! నోరు ఊరుకుంటేనా? "ఓ ఏడు దాకా ఉంటాయండి."

"అన్నీ ఒకే తొట్లోనా? కొట్టుకోవూ?"

"మా ఇంట్లో చేపలు కూడా కొట్టుకోవండి. అందరం కలిసిమెలిసి ఉంటాం."

తర్వాతి ఆదివారం మా ఇల్లు చూసుకోవడానికి వస్తున్నామని కబురొచ్చింది. వాళ్ళ నాన్నగారు, నాయనమ్మ, వాళ్ళతోపాటు సుభాషిణి. "అమ్మాయి కూడా వస్తుందటరా కోటీ! చేపల్ని చూడాలట!" అని అమ్మ మురిసిపోయింది. నాకు జ్వరం వచ్చింది.

ఆడపిల్ల వాళ్ళు ఇల్లు చూడ్డానికొస్తున్నారంటే మా వైపు ఏం జరుగుతుందో మీకు తెలియనిది కాదు. ఇల్లు మనదే ఉంటుంది, సామాను మాత్రం వీధిలో అందరిదీ. ఎదురింటి పేము కుర్చీలు వచ్చాయి. పక్కింటి రత్నకుమారి టీచరుగారి పింగాణీ కప్పులు వచ్చాయి. వెనకింటి వాళ్ళ బొమ్మల దుప్పటి మా మంచమెక్కింది. అదంతా చూస్తుంటే నా బుర్రలో లైటు వెలిగింది. కుర్చీలు అరువు తేగా లేనిది, చేపల్ని తేకూడదా?

గుంటూరు మొత్తానికి సముద్రం చేపలు అమ్మేది మస్తాన్ ఒక్కడే. మద్రాసు నుంచి రైల్లో డబ్బాలు తెప్పించేవాడు. నాకు మంచి స్నేహితుడు. ముందు రోజే వెళ్ళి, ఆదివారం ఓ గంటసేపు ఇవ్వమంటే కాదనలేదు. ముందు నాలుగు చిన్న నీలం చేపలు ఎంచుకున్నాను. నా రెండిటితో కలిపి ఆరు అయ్యాయి. ఏడోది వెతుకుతుంటే మూల తొట్లో కనిపించింది మహానుభావుడు! లయన్ ఫిష్. ఒళ్ళంతా ఎర్ర చారలు, పురి విప్పిన నెమలిలాంటి రెక్కలు. రంగు చూసి సరుకు ఎంచే ఇంట్లో పుట్టినవాణ్ణి, ఎరుపు కనిపిస్తే ఆగగలనా?

"అది వద్దన్నా," అన్నాడు మస్తాన్. "దానికి రెండ్రోజుల్నుంచి మేత లేదు. నోట్లో పట్టే ప్రతిదీ మింగుద్ది. చిన్నవాటితో కలవదది."

"ఒక్క గంటేగా! ఇల్లు చూడ్డానికి నలుగురూ వచ్చినప్పుడు ఎవరైనా కొట్టుకుంటారా? ఎంత గొడవలున్న ఇంట్లోనైనా ఆ గంటా అందరూ నవ్వుతూనే ఉంటారు కదరా!"

"మనుషులకి తెలుసన్నా, సంబంధం వాళ్ళొచ్చారని. దానికెవరు చెబుతారు?"

ఇంత మంచి ప్రశ్నకి నేను చెప్పిన జవాబేమిటో తెలుసా? "నేను చూసుకుంటాలే."

ఆదివారం వాళ్ళు వచ్చేసరికి నా తొట్టి ధగధగా మెరిసిపోతోంది. క్లౌన్ చేపలు కొత్తవాళ్ళని చూసి రాళ్ళ చాటుకి చేరి, తలలు మాత్రం బయటపెట్టాయి. నీలం చేపలు పరుగులు పెడుతున్నాయి. ఎర్రచారల పెద్దమనిషి ఒక మూల కదలకుండా, పెళ్ళికొడుకు మేనమామలా హుందాగా నిలబడ్డాడు. చూశావా మస్తానూ, ఎంత మర్యాదో అనుకున్నాను.

నాయనమ్మగారు తిన్నగా వెళ్ళి తొట్టి ఎదుట పేము కుర్చీలో కూర్చుంది. రోజూ సాయంత్రం గూటికొచ్చే కోళ్ళని లెక్కపెట్టే అలవాటట. వేలు చూపిస్తూ మొదలుపెట్టింది. "ఒకటి, రెండు... ఏడు. ఏడున్నయ్యే!"

"చెప్పానుగా అండీ," అన్నాను సుభాషిణి వైపు చూసి. ఆమె చిన్నగా నవ్వింది. ఆహా, ఆ నవ్వు!

ఇంతలో గోడ అవతలి నుంచి రత్నకుమారి టీచరుగారి గొంతు ఖంగుమంది. "వదినా! నీలం పువ్వుల కప్పుకి పిడి వదులు, జాగ్రత్తండోయ్!"

నీలం పువ్వుల కప్పు నాయనమ్మగారి చేతిలోనే ఉంది. ఆవిడ కప్పుని చూసింది, మా అమ్మని చూసింది, రెండు చేతులతో పట్టుకుని తాగింది. తాగి మళ్ళీ తొట్టి వైపు తిరిగింది.

"ఆరే ఉన్నయ్యేందబ్బాయ్?"

నేను చూశాను. నీలం చేపలు మూడే ఉన్నాయి. పెద్దమనిషి ఉన్నచోటే ఉన్నాడు, దవడ మాత్రం కొంచెం కదులుతోంది.

"రాయి వెనకాల పడుకుందండీ," అంది అమ్మ తడుముకోకుండా. "మా ఇంట్లో మధ్యాహ్నం అందరికీ కునుకు అలవాటు."

ఎర్రచారల పెద్దమనిషి ఈసారి రెక్కలు బారగా చాచి, ఇంకో నీలం చేపని మూలకి నెట్టుకుంటూ వెళ్ళాడు. పోట్లాట లేదు, తరమడం లేదు. నోరు తెరిచాడు. అంతే, అక్కడ చేప లేదు.

"ఐదు," అంది నాయనమ్మ.

"సిగ్గండీ దానికి, కొత్తవాళ్ళని చూస్తే దాక్కుంటుంది," అంది అమ్మ.

"నాలుగు."

"అదీ... అదీ పడుకునుంటుందండీ."

"ఎక్కడమ్మా పడుకునేది? దాని కడుపులోనా?"

నాన్న మెల్లగా లేచి, "ఎండ ఎలా ఉందో చూసొస్తా" అంటూ వరండాలోకి వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఇంతలో ఒక క్లౌన్ చేప, ఏం ధైర్యమో, రాయి చాటు నుంచి బయటికి వచ్చింది. "వద్దే! లోపలికి పో!" అని గాజు మీద కొడుతూ అరిచాను. మూడేళ్ళుగా నా చేత్తో మేత పెట్టిన చేప. నా కళ్ళముందే ఆ నోట్లోకి వెళ్ళిపోయింది. నిజం చెబుతున్నా, గుండె కలుక్కుమంది.

సరిగ్గా అప్పుడే వీధి తలుపు తోసుకుని మస్తాన్ వచ్చాడు, చేతిలో నీళ్ళ బకెట్‌తో. "కోటన్నా, గంటైంది! నా చేపలిస్తే వెళ్తా!"

మస్తాన్ తొట్లోకి తొంగిచూశాడు. "ఏందన్నా దీని పొట్ట? ఏం పెట్టావు?"

"నీ నీలం చేపల్నేరా," అన్నాను నీరసంగా.

"నా చేపలే నా చేపకి పెట్టావా!" అని నెత్తిన చేయి పెట్టుకున్నాడు. ఎవరి మీద కోప్పడాలో పాపం వాడికే తెలియలేదు.

సుభాషిణి వాళ్ళ నాన్నగారు గొంతు సవరించుకున్నారు. అయిపోయింది, లేచి వెళ్ళిపోతారనుకున్నాను. తల దించుకుని, "క్షమించండి, నాకున్నవి రెండే. మీ అమ్మాయి ముందు గొప్పకి పోయి ఏడన్నాను" అని చెప్పేశాను.

సుభాషిణి మొదటిసారి అందరి ముందూ నోరు విప్పింది. "ఆయన అబద్ధమేమీ చెప్పలేదు నాన్నా. చేపలు కొట్టుకోవన్నారు. కొట్టుకోలేదుగా? ఆ టైమే ఇవ్వలేదది."

ముందు నాయనమ్మ నవ్వింది. పళ్ళు లేని నోటితో, కుర్చీ కిర్రుమనేలా నవ్వింది. తర్వాత వాళ్ళ నాన్నగారు, ఆ పైన మస్తాన్, వరండాలోంచి మా నాన్న. "ఒరే అబ్బాయ్," అంది నాయనమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "ఒక్క గంట కూడా అబద్ధం దాచుకోలేనోడివి. మా పిల్లకి నీతో భయంలేదు."

మూడు నెలల్లో పెళ్ళయింది. కాపురానికి వచ్చిన వారానికే సుభాషిణి, మిగిలిన క్లౌన్ చేపకి తోడు తెద్దామని నన్ను మస్తాన్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఎంత పెరుగుతుంది, ఏం తింటుంది, కోపమెక్కువా, పక్కవాళ్ళని బతకనిస్తుందా అంటూ మస్తాన్‌ని నిలబెట్టి అడిగింది. అప్పుడన్నాడు వాడు, నవ్వుతూ, "మళ్ళీ మొదలెట్టావా వదినా? ఆ శనివారం మా అన్న గురించి కూడా ఇట్టాగే అడిగావుగా!"

"ఏ శనివారం?" అన్నాను.

తీరా చూస్తే మా ఇంటికి రావడానికి ముందు రోజే వాళ్ళు గుంటూరు వచ్చారట. పెళ్ళికొడుకు గురించి వాకబు చెయ్యాలిగా మరి! చేపలవాడికి నా గుట్టు తెలియకపోతుందా అని సుభాషిణి వాళ్ళ నాన్నగారిని వెంటబెట్టుకుని మస్తాన్ కొట్టుకే వెళ్ళిందట. "మంచోడే, చేపల గురించి మాత్రం ఏమీ తెలీదు. రేపటికి లయన్ ఫిష్‌ని అరువడిగాడు" అని ఈ మహానుభావుడు ఉన్నదున్నట్టు చెప్పాడట.

నేను సుభాషిణి వైపు తిరిగాను. "అంతా తెలిసీ మరి ఎందుకొచ్చావు?"

"అది ఎట్టా తింటదో చూద్దామని," అంది.

కాబట్టి పాఠక మహాశయులారా, ఆ మూడడుగుల తొట్టి మీద కుడిచేయి వేసి, అందులో బుద్ధిగా తిరుగుతున్న రెండంటే రెండు చేపల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో చేపని అరువు తెచ్చేది లేదు. రేపు మా అబ్బాయి సంబంధానికి ఇల్లు చూడ్డానికి ఎంత గొప్పవాళ్ళు వచ్చినా సరే, కుర్చీలతోనే ఆపేస్తాను.