ఎర్తు గుంతకు రెండు బిందెల నీళ్లు

మా ఇంట్లో పాటల డబ్బాకు ఉన్నంత మర్యాద నాకు ఉండేది కాదు. దాన్ని అట్లా నెత్తికెక్కించింది కూడా నేనే. తొంభైల మొదట్లో సిద్దిపేటలో నాది స్టీలు సామాన్ల దుకాణం. గిన్నెలు అమ్ముకుంటూ ఒక్కొక్కటిగా కొన్నాను. ముందు టేప్ డెక్కు, తర్వాత ఆంప్లిఫయరు, ఈక్వలైజరు, చివరికి నడుమెత్తు స్పీకర్లు రెండు. ఇంటికి ఎవరొచ్చినా చాయ్ కంటే ముందు పాట వినిపించేవాణ్ణి. "చిన్న టేపులు అబద్ధం చెప్తయ్, గిది ఉన్నదున్నట్టు చెప్తది" అని కోతలు కోసేవాణ్ణి. ఆ కోతలే నా మెడకు చుట్టుకున్నాయి.

మా అమ్మను మేం అవ్వ అని పిలిచేవాళ్లం. మా వాడలో బతుకమ్మ ఆడితే పాట ఎత్తుకునేది ఆమే. మిగతా ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరిగి అందుకునేవాళ్లు. ఆ ఏడు ఎంగిలిపూల నాడు, అంటే పండుగ మొదటి రోజు, బ్యాటరీలతో నడిచే చిన్న టేపు రికార్డరు పట్టుకుపోయి ఆమె పాట రికార్డు చేశాను. మర్నాడు పొద్దున అవ్వను కుర్చీలో కూర్చోబెట్టి, ఆ క్యాసెట్టు పెద్ద డబ్బాలో పెట్టాను.

పాటతోపాటు గుయ్ మని ఒక మోత వచ్చింది. కొన్నాళ్లుగా అది ఉంది కానీ, సినిమా పాటల హోరులో నేను లెక్కచేయలేదు. అవ్వ ఒక్కతే మెల్లగా పాడే పాటలో దానికి దాక్కునే జాగ లేకపోయింది.

అవ్వ మొహం చిన్నబోయింది. "నా గొంతు గింత బొంగురు వోయిందా బిడ్డా?"

"గది నీ గొంతు కాదవ్వా, కరెంటు మోత" అన్నాను. నమ్మలేదు. చిన్న రికార్డరులో పెట్టి వినిపించాను. అందులో మోత లేదు. అయినా నమ్మలేదు.

"గది చిన్నది. దాంట్ల ఏం తెలుస్తది? పెద్దది ఉన్నదున్నట్టు చెప్తదని నువ్వే అంటివి గద."

ఆ సాయంత్రం అవ్వ పాట ఎత్తుకోలేదు. వెనక నిలబడి చప్పట్లు కొట్టింది. పక్కింటామె ఎత్తుకుంటే పాట రెండుసార్లు మధ్యలో తెగింది. అందరూ అవ్వ వైపు చూశారు, అవ్వ నేల చూసింది. పండుగ చివరి రోజైన సద్దుల బతుకమ్మకు ఇంకా ఏడు రోజులున్నాయి. ఆలోపు ఆ మోత తీసి, అవ్వ గొంతు అవ్వకు వినిపించాలి. లేకపోతే సద్దుల నాడు కూడా ఆమె వెనకే నిలబడుతుంది. ఆ తర్వాత ఏళ్లలోనూ అంతే.

మా ఇంట్లో గదికి ఒక్కటే ప్లగ్గు. డెక్కుకు కరెంటు పడకగదిలోంచి గడప దాటుకుని వచ్చేది. ఆంప్లిఫయరుకు ముందరి గదిలోది. ఈక్వలైజరు ప్లగ్గు పగిలిపోతే, దాని రెండు తీగలనూ సాకెట్టులో దూర్చి అగ్గిపుల్లలతో బిగించాను. సిగ్గుపడాల్సిన పనే, కానీ అప్పట్లో అది నా తెలివనుకున్నాను. మా ఇంటికి వైరింగు చేసిన మేస్త్రీని పిలిస్తే ఆ అగ్గిపుల్లలు చూసి తల పట్టుకున్నాడు.

"అన్నీ ఒక్క జాగలనే కరెంటు తాగాలె సేటు. తలా ఓ దిక్కు తాగితే మోత రాక ఏమొస్తది?"

చెక్క బోర్డు మీద మూడు పిన్నుల సాకెట్లు అయిదు బిగించాం. వైరు కొనడానికి నేనే పోయాను. దుకాణదారు రాగి పూత పూసిన వైరు అంటగట్టబోతే, గోటితో గీకి చూపించి వెనక్కి ఇచ్చేశాను. గిన్నెలు అమ్మేవాడి దగ్గరా ఆ ఆటలు? మోటర్లకు వాడే లావుపాటి రాగి వైరు తెచ్చి, అన్నిటినీ ఆ ఒక్క బోర్డుకే కలిపాం. మోత సగానికి తగ్గింది.

తర్వాత డబ్బాల వెనక చూస్తే నా దుకాణం బుద్ధి కనబడింది. కరెంటు వైర్లనూ పాట మోసే వైర్లనూ కలిపి, గరిటెల కట్టలాగా సుతిలితో ముచ్చటగా బిగించి ఉంచాను. పక్కపక్కనే ఉంటే ఒకదాని మోత ఇంకోదానికి అంటుకుంటుందట. కట్ట విప్పి, కరెంటు వైర్లు గోడవారకు, పాట వైర్లు ఇవతలికి జరిపాను. ఇంకాస్త తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. పండుగ ఆరో రోజయింది. అవ్వ అటుగా పోతూ ఆగింది.

"నా గొంతు బాగు కాదు గని, నువ్వు దుకాణానికి పో కొడుకా."

ఎనిమిదో రోజు పొద్దున టేపు నడుస్తోంది. నా భార్య తడిగుడ్డతో బండలు తుడిచి, దుమ్ము తుడవడానికి ఆంప్లిఫయరు ఇనుప మూత మీద చెయ్యి పెట్టింది. మోత ఆగిపోయింది. చెయ్యి తీస్తే మళ్లీ వచ్చింది. నేను పెట్టాను. ఆగలేదు. ఆమె పెడితే ఆగింది. వారం రోజులు చెమటోడ్చింది నేనైతే ఇది ఆమె మాట వింటుందా అని ఒళ్లు మండింది.

"నా చేతుల మంత్రమేం లేదు" అంది గుడ్డ పిండుతూ. "నేను ఉత్త కాళ్లతోని తడి బండ మీదున్న. మీ కాళ్లకు రబ్బరు చెప్పులున్నయ్."

చెప్పులు విడిచి నేనూ పెట్టాను. మోత ఆగింది, వేళ్లు చిమచిమలాడాయి. ఈ సంగతి చెబితే మేస్త్రీ ముందు తిట్టాడు.

"ఇంకోసారి గట్ల చెయ్యి పెట్టకుండ్రి, పాణం పోతది. డబ్బకు ఎర్తు అందుతలేదు సేటు. ఎర్తు గుంతల నీళ్లు పోస్తుండ్రా లేదా?"

ఇల్లు కట్టినప్పుడు పెరట్లో గుంత తవ్వి, బొగ్గూ ఉప్పూ పోసి, ఇనుప పైపు దించింది ఆయనే. మట్టి తడిగా ఉంటేనే ఎర్తు పనిచేస్తుందని, రోజూ చెంబెడు నీళ్లు పొయ్యమని చెప్పిపోయాడు. ఆ పని అవ్వ చూసుకునేది. నేను అవ్వ వైపు చూశాను.

"వానలు లేకపాయె, బోరు ఎండిపాయె. ట్యాంకరు నాలుగు రోజులకోపారి వస్తుండె. మట్టికి పోసుడెందుకని బందు పెట్టిన" అంది.

నాకు కోపం రాలేదు. మా కోసం ఆమె మిగిల్చిన చెంబెడు నీళ్లే తిరిగి ఆమె గొంతు మీదికి వచ్చాయి. ఆ రోజు ఇంట్లో నాలుగు బిందెల నీళ్లున్నాయి. నా భార్య రెండు బిందెలు పెరట్లోకి మోసుకొచ్చింది.

"పండుగ బట్టలు ఉతుకుదామని పెట్టిన నీళ్లే అత్తమ్మా. ఉన్న చీరెనే కట్టుకుంట, ఏమైతది?"

మేస్త్రీ పైపు దగ్గర తుప్పు గీకి, సడలిన బోల్టు బిగించాడు. కిలో దొడ్డుప్పు వేసి, రెండు బిందెలూ పోశాం. మట్టి గుటగుటా తాగేసింది. రాత్రంతా నాననిచ్చాం.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మీట నొక్కాను. చప్పుడే లేదు. కరెంటు పోయిందనుకుని తిట్టబోయాను. చూస్తే ఆంప్లిఫయరు ఎర్రదీపం వెలుగుతోంది. అంత నిశ్శబ్దం నా డబ్బా నోట ఎన్నడూ వినలేదు. పిచ్చివాడిలా ఒక్కణ్ణే నవ్వాను. అప్పుడు అవ్వను పిలిచి కూర్చోబెట్టి టేపు పెట్టాను.

ముందు గాజుల చప్పుడు వచ్చింది. తర్వాత అవ్వ ఊపిరి తీసుకోవడం, ఆ తర్వాత ఆమె గొంతు. నున్నగా, నిండుగా ఉంది. అవ్వ కదలకుండా చివరి దాకా విన్నది. నేను ఆమె మొహమే చూస్తున్నాను.

"రెండో సుట్టుల ఒక మాట మింగిన" అంది. లేచి, బతుకమ్మ పేర్చే గునుగు పూలు కోసుకోవడానికి కత్తిపీట ముందేసుకుంది.

ఆ సాయంత్రం వాడంతా బతుకమ్మలు దించి చుట్టూ నిలబడ్డారు. పక్కింటామె పాట ఎత్తుకోబోతూ అవ్వ వైపు చూసింది. అవ్వ కొంగు నడుముకు దోపి ముందుకొచ్చింది. నేను చిన్న రికార్డరు తెరిచి క్యాసెట్టు పెడుతుంటే చూసి, చేత్తో వద్దని సైగ చేసింది.

"డబ్బ బందు చెయ్యి కొడుకా. ఇయ్యాల నేనే ఉన్న గద."

బందు చేశాను. ఆ సద్దుల పాట నా దగ్గర ఏ క్యాసెట్టులోనూ లేదు. మా వాడ చివరి ఇంటి దాకా వినబడిందని మర్నాడు దుకాణానికి వచ్చినవాళ్లు చెప్పారు.