నేను చూడని ధ్రువకాంతి

తొంభైల చివర్లో నేను విశాఖలో ఫిజిక్స్ పరిశోధన చేస్తుండేదాన్ని. ధ్రువ ప్రాంతాల రాత్రి ఆకాశంలో మెరిసే ధ్రువకాంతుల దగ్గర, నేలకు వంద కిలోమీటర్ల పైన ఉండే విద్యుత్ క్షేత్రాలు నా విషయం. ఉత్తర ధ్రువం వైపున్న ఒక రాడార్ కేంద్రం నుంచి కొలతలు ఫ్లాపీల్లో వచ్చేవి. వెలుగు పట్టీ లోపల క్షేత్రం తగ్గిపోయేది. దాన్ని ఆనుకున్న చీకట్లో ఒక్కసారిగా పెరిగేది. గ్రాఫులో గీత లేచిన చోట వేలు పెట్టి, అక్కడి ఆకాశం ఎలా ఉండి ఉంటుందో అనుకునేదాన్ని.

సెలవు దొరికితే రైల్లో టైడా వచ్చి, అక్కడి నుంచి మా ఊరికి నడిచేదాన్ని. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. కాఫీ తోటలో పళ్లు కోసే పని ఆమెది. ఒక సాయంత్రం పని నుంచి వచ్చి, నేను అరుగు మీద పరిచిన కాగితాల పక్కన కూర్చుంది.

"ఏటే ఇది?"

"ఆకాశంలో కరెంటక్కా. అక్కడ పచ్చటి ఎలుగు ఆడతాది."

"అంతెత్తుకి తీగెలేసినారేటి?"

"తీగెల్లేవు. సూర్యుడి కాడి నుంచి వచ్చే గాలితో పుడతాది."

"నువ్వు సూసినావా?"

"లేదు."

"సూడకుండానే ఇన్ని కాయితాలు రాసేసినావా!" అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది.

తిరిగి వెళ్లగానే, ఒకసారి అక్కడికెళ్లి చూసే వీలుందా అని నా పరిశోధనకు గైడైన మా సార్‌ని అడిగాను. ఆయన ఆ రాడార్ కేంద్రానికి ఉత్తరం రాశారు. రెండు నెలలు వచ్చి పని చేయమని జవాబొచ్చింది. పాస్‌పోర్టు తీసుకున్నాను. అక్క అరకు సంతలో నాకు ఉన్ని శాలువా కొంది.

ప్రయాణం పది రోజులుందనగా ఊళ్లో నాకు మలేరియా పట్టుకుంది. అక్క నన్ను జీపులో ఒళ్లో పడుకోబెట్టుకుని పాడేరు ఆస్పత్రికి తీసుకెళ్లింది. జ్వరం తగ్గి లేచేసరికి విమానం వెళ్లిపోయింది. నా బదులు నాతో చదివే స్నేహితురాలు వెళ్లింది.

అక్కడి నుంచి ఆమె ఉత్తరం రాసింది. "మొదటిసారి వెలుగు లేచినప్పుడు రీడింగులు రాయడం మరిచిపోయి మంచులోకి పరుగెత్తాను. నువ్వుండాల్సింది," అంది. ఆ ఒక్క వాక్యం దగ్గర చాలాసేపు కూర్చున్నాను. ఆమె మీద కోపం రాలేదు. తర్వాత ఆమె తెచ్చిన కొలతలే నా థీసిస్‌లో ఆఖరి అధ్యాయం అయ్యాయి.

తర్వాత పాడేరులో జూనియర్ కాలేజీ లెక్చరర్‌నయ్యాను. విద్యుత్ క్షేత్రం పాఠం వచ్చినప్పుడల్లా సిలబస్ దాటి ధ్రువాల దాకా వెళ్లిపోయేదాన్ని. బెల్లు కొట్టినా తెలిసేది కాదు.

కొన్నేళ్లకు అక్క నా దగ్గరికొచ్చి ఉన్నప్పుడు, ఓ ఆదివారం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అడిగింది.

"ఇంకా ఎల్లాలనుందేటే అక్కడికి?"

"ఉందక్కా. రోజూ ఉంటాది."

"అయితే నన్నూ తీసుకెల్లు. సలికి నేను జడవను."

మేమిద్దరం ఇంకా వెళ్లలేదు.