స్థానంలో లేని రాయి

కొత్త జిల్లా ఏర్పడడానికి ఆరేడేళ్ల ముందు, వేసవి బదిలీల్లో నన్ను పెనుకొండ వైపు ఒక మండలానికి సర్వేయరుగా వేశారు. మండలం పేరు రాయను. అక్కడి మండల పరిషత్ అధ్యక్షుడి పేరు కూడా రాయను. ఈ జ్ఞాపకానికి ఆయన పదవి చాలు. జూన్ మొదటి సోమవారం తహసీల్దారు గారికి చేరిక పత్రం ఇచ్చి, గొలుసు, లంబకోణాలు చూసే క్రాస్‌స్టాఫ్, గ్రామ పటాల కట్టలు సరిచూసుకుని తీసుకున్నాను. గొలుసు పట్టడానికి నాగప్ప అనే చైన్‌మన్ ఉన్నాడు. ఆ మండలంలో ఏ రాయి ఎక్కడుందో పటం చూడకుండా చెప్పగలిగిన మనిషి.

మండల సర్వేయరుకు ఇద్దరు పై అధికారులు. కూర్చునేది తహసీల్దారు కార్యాలయంలో, రోజువారీ పని చెప్పేది ఆయనే. కొలతలో సందేహం వస్తే తీర్చేది మాత్రం సర్వే శాఖలోని డిప్యూటీ ఇన్‌స్పెక్టరు. ఏ కాగితం ఎవరికి పంపాలో తెలిసి ఉండడమే ఈ ఉద్యోగంలో సగం విద్య.

ఆ విద్య నాకు బాగా వచ్చని అనుకునేవాణ్ణి. పదో తరగతి తర్వాత సర్వే శిక్షణకు వెళ్లినవాణ్ణి, కాలేజీ ముఖం చూడలేదు. చదువంతా హిందూపురం గ్రంథాలయంలోనే. పెనుకొండ కోట శాసనాల గురించి, పాతకాలంలో కర్రలతోనూ తాళ్లతోనూ భూమి కొలిచిన పద్ధతుల గురించి అక్కడే చదివాను. అరవై ఆరు అడుగుల గొలుసులో నూరు లింకులు ఎందుకున్నాయో, పది చదరపు గొలుసులు ఒక ఎకరా ఎలా అవుతాయో అక్కడే తెలిసింది. ఒక మూల బీరువాలో పాత సర్వే నియమావళి దొరికితే మూడు నెలలు కూర్చుని నోట్సు రాసుకున్నాను. నియమాలు సంఖ్యలతో సహా నోటికి వచ్చేవి. మా శాఖలో కొందరు నన్ను ‘పుస్తకం సర్వేయరు’ అనేవారు. ఆ పేరు నాకు ఇష్టంగానే ఉండేది.

శివరాత్రికి ముందు ఒక అర్జీ వచ్చింది. ఇచ్చినవాడు ఆంజినప్ప, గొర్రెలు మేపుకునే మనిషి. వాళ్ల పల్లె నుంచి వంకలోకి దిగే దారిని మండలాధ్యక్షుడు తన మల్బరీ తోటలో కలుపుకుని కంచె వేశాడని ఫిర్యాదు. ఆ వంకలో ఎండాకాలం కూడా ఇసుక తవ్వితే చెలమ ఊరుతుంది. దారి మూసుకుపోతే మందను ఊరు చుట్టి హైవే దాటించి చెరువుకు తోలాలి. ఉగాది దాటాక ఆ చెరువులో కూడా నీళ్లుండవు. ఎండలు ముదిరేలోగా దారి తెరుచుకోకపోతే ఆంజినప్ప గొర్రెలు అమ్ముకోవలసిందే. అతని నాయన మేపింది, తాత మేపింది ఆ దారి వెంటే.

అర్జీ అతని మాటల్లో లేదు. అధికార పార్టీ మండల కన్వీనరు దగ్గర కూర్చుని రాయించాడు. అధ్యక్షుడు అప్పుడు ప్రతిపక్షంలో ఉన్నాడు. అందుకే కాగితం మీద ‘అత్యవసరం’ అన్న ముద్ర పడింది. ఆ సంగతి నాకు తెలుసు. కొలత సరిగ్గా ఉంటే చాలు, అర్జీ వెనక ఎవరున్నా నాకెందుకు అనుకున్నాను.

పక్క రైతులందరికీ ముందుగా నోటీసులు ఇచ్చి, చెప్పిన రోజు ఉదయం వెళ్లాం. కొలత మూడు ఊళ్ల హద్దులు కలిసే రాయి నుంచి మొదలుపెట్టాలి. దాన్ని ట్రైజంక్షన్ రాయి అంటారు. అది ఉండవలసిన చోట మల్బరీ చెట్లున్నాయి, రాయి లేదు.

కన్వీనరు గట్టుమీద నిలబడి, అందరికీ వినబడేలా అడిగాడు.

“ఏమప్పా అధ్యక్షా, వంక కూడా మీ జేజినాయన రాసిచ్చినాడా?”

అధ్యక్షుడు నవ్వాడు. “మీ గవర్మెంటే ఉండాది గదబ్బా. కొలిపిచ్చుకో. వద్దన్నోడెవడు?” అని, మాకు మజ్జిగ తెప్పించమని మనిషికి చెప్పాడు. మేం తాగలేదు. కొలత రోజు ఇరుపక్షాల్లో ఎవరి దగ్గరా ఏమీ తాగకపోవడం మా ఆచారం.

నాగప్ప ముఖం కడుక్కుందామని బోరు దగ్గరికి వెళ్లాడు. అక్కడ బట్టలు ఉతికే బండను చూసి ఆగిపోయాడు. చెంబుతో నీళ్లు పోసి, దాని మీది సబ్బు మడ్డి, మట్టి అరచేత్తో రుద్ది కడిగాడు. నెత్తిన ఉలితో చెక్కిన సర్వే గుర్తు బయటపడింది. అతని కేకకు మేమంతా అక్కడికి వెళ్లాం. ఆంజినప్ప వంగి ఆ గుర్తు మీద చెయ్యి పెట్టి చూశాడు. అధ్యక్షుడి మనిషి మాత్రం అది వాళ్ల అవ్వ కాలం నుంచీ అక్కడే ఉందన్నాడు.

పెకలించిన రాయి హద్దు చూపదు. అది ఏ చోట ఉండేదో పక్క రాళ్లను పట్టి తేల్చాలి. పొరుగూళ్ల వైపు రెండు రాళ్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటి నుంచి గొలుసు పట్టి, పటంలోని దూరాల ప్రకారం పాత స్థానం నిర్ణయించాం. మధ్యాహ్నానికి లెక్క తేలింది. నలభై లింకుల వెడల్పు దారి మొత్తం కంచె లోపల ఉంది. ఫీల్డ్ బుక్కులో పెన్సిలుతో కొలతలు వేశాను. పంచనామా రాసి, హాజరైనవాళ్ల సంతకాలు, ఆంజినప్ప వేలిముద్ర తీసుకున్నాను. అధ్యక్షుడు సంతకం పెట్టనన్నాడు. అది కూడా రాసుకున్నాను.

పొలంలో పెన్సిలుతో వేసింది ఆఫీసులో సిరాతో పటం గీసి, కింద సంతకం చేసి, తహసీల్దారు గారికి సమర్పిస్తేనే కొలతగా చెల్లుతుంది. దానికి ఒక్క పూట చాలు. నాకు గీత అందంగా రావాలన్న పట్టింపు ఉండేది. వారాంతంలో హిందూపురంలో మంచి సిరా కొని గీద్దామని పక్కన పెట్టాను.

ఐదో రోజు హిందూపురంలో జరిగిన సభలో మండలాధ్యక్షుడు అధికార పార్టీ కండువా కప్పుకున్నాడు. ఆయన మీద ఉన్న ఆరోపణ ఈ దారి ఒక్కటే కాదు. వంక ఇసుక గురించి, ఉపాధి పనుల గురించి కూడా కాగితాలున్నాయి. వాటిని రాయించిన కన్వీనరే ఆ సభలో ఆయన పక్కన నిలబడి చేయి పైకెత్తాడు. మర్నాడు ఆఫీసు ఎదుట టీ కొట్టులో నాగప్ప, “కండువా మారె గానీ కంచె కదల్లేదు గదప్పా,” అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సోమవారం కన్వీనరు వచ్చి ఆ దారి విషయం తొందరేం లేదని చెప్పిపోయాడు. మధ్యాహ్నం తహసీల్దారు గారు నన్ను పిలిచారు. ఆయన చెడ్డవారు కారు. తప్పు కొలత రాయమని నన్నెన్నడూ అడగలేదు, ఆ రోజు కూడా అడగలేదు. అర్జీకి గడువులోగా జవాబు పంపాలి, ఏమని పంపాలో తోచడం లేదని మాత్రం అన్నారు.

ఒక నియమం ఉంది సార్, అన్నాను.

ఆ మాట ఎవరూ నా నోట పలికించలేదు. ట్రైజంక్షన్ రాయి స్థానంలో లేనప్పుడు మండల సర్వేయరు కొలత ఖాయం కాదనీ, డిప్యూటీ ఇన్‌స్పెక్టరు వచ్చి రాయిని తిరిగి నిర్ణయించాలనీ నియమావళిలో ఉంది. సంఖ్యతో సహా చెప్పాను. అది ఏ గ్రంథాలయంలో ఏ బీరువాలో దొరికిందో కూడా చెప్పాను. తహసీల్దారు గారి ముఖం తేలికపడింది. ఇంత చదివిన సర్వేయరు మరో మండలంలో ఉండడని అన్నారు. అక్కడే కూర్చుని నా మంచి దస్తూరీతో నివేదిక రాశాను: రాయి స్థానంలో లేదు, కొలత ఖాయం కాదు, పై కార్యాలయానికి నివేదించడమైనది. అందులో ఒక్క అబద్ధమైనా లేదు. ఆ సాయంత్రం హిందూపురం బస్సులో సంతోషంగానే ఇంటికి వెళ్లాను.

ఆ నియమం కిందనే ఇంకో పేరా ఉంది. పక్కనున్న రెండు రాళ్లు చెదరకుండా ఉంటే సర్వేయరే స్థానం నిర్ణయించి పటం సమర్పించవచ్చు, పై అధికారి తనిఖీ ఆ తర్వాత జరిగినా చాలు. పొలంలో నేను చేసింది సరిగ్గా అదే. ఆ పేరా కూడా నాకు కంఠతా వచ్చు. తహసీల్దారు గారికి చెప్పలేదు. ఆయన అడగలేదని చాలాకాలం నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను.

ఉగాది వెళ్లాక ఆంజినప్ప ఆఫీసుకు వచ్చాడు. వరండాలో చెప్పులు విడిచి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

“సారూ, నా కాగితం యాడికి పోయె?”

పై ఆఫీసుకు పోయిందని చెప్పాను.

“నీళ్లన్నీ కిందికే పోతాయి. కాగితమేల సారూ పైకి పోయె?”

నియమం అలా ఉందప్పా అన్నాను. రాయి దాని చోట లేదు కాబట్టి పెద్దాఫీసరు రావాలని వివరించాను. అతను శ్రద్ధగా విన్నాడు. చదువుకున్నవాళ్లు చెబుతుంటే వినే తీరు అది. అలా మూడుసార్లు వచ్చాడు. రెండోసారి వచ్చినప్పుడు, హైవే దాటించలేక మందలో సగం సంతలో అమ్మేశానన్నాడు. మూడోసారి, ఈనిన గొర్రెలు మాత్రం ఉంచుకున్నానన్నాడు. తర్వాత రాలేదు. ధర్మవరం పోయినాడని నాగప్ప చెప్పాడు.

పై కార్యాలయంలో ఎవరినీ తప్పుపట్టను. అడిగేవాళ్లు లేని కాగితం ఎక్కడైనా అలాగే ఉంటుంది. మొదట అడిగించినవాళ్లకు ఇప్పుడు అవసరం లేదు, అవసరం ఉన్నవాడికి ఎవరిని అడగాలో తెలియదు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

మూడేళ్లు కావస్తుండగా, ఎన్నికలు దగ్గరపడ్డాయి. టిక్కెట్టు విషయంలో తేడా వచ్చి అధ్యక్షుడు తిరిగి పాత పార్టీలోకి వెళ్లాడు. వారం తిరక్కముందే కన్వీనరు పాత అర్జీ నకలు పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. దాని మీద మళ్లీ ‘అత్యవసరం’ ముద్ర పడింది. తహసీల్దారు గారు మారిపోయి కొత్తాయన వచ్చారు. ఎన్నాళ్లు పడుతుందని అడిగారు. ఒక ఉదయం సార్, రెండో పేరా కింద నేనే కొలవవచ్చు, అన్నాను. మరి మూడేళ్లు ఎందుకు పట్టిందని అడిగారు. నేను నోటీసులు రాయడం మొదలుపెట్టాను.

కొలిచాం. పాత ఫీల్డ్ బుక్కులో పెన్సిలు అంకెలు మాసిపోకుండా ఉన్నాయి. రెండు కొలతల మధ్య తేడా రెండు లింకులు. ఆ సాయంత్రమే సిరాతో పటం గీసి సంతకం చేశాను. మూడో రోజు బోరు దగ్గరి బండను తెచ్చి పాత స్థానంలో పాతారు, కంచె తీసేశారు. కన్వీనరు రాయి మీద చెయ్యి పెట్టి ఫొటో దిగాడు. నాగప్ప గొలుసు చుట్టుకుంటూ, “భూమి ఆడనే ఉండాది సార్. మనుషులే జాగాలు మారతాండారు,” అన్నాడు. అందులో నేనూ ఉన్నానో లేదో అతని ముఖం చూసి చెప్పలేకపోయాను.

ఫైలు మూయాలంటే అర్జీదారు తృప్తి చెందినట్లు వాంగ్మూలం కావాలి. దానికోసం నేనే ధర్మవరం వెళ్లాను. ఆంజినప్ప పట్టునూలుకు రంగులద్దే షెడ్డులో పనిచేస్తున్నాడు. మణికట్టుదాకా చేతులు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి లేచి, స్టూలు తుడిచి వేశాడు. విషయం చెప్పాను.

“రాయి దొరికెనా సార్?”

దొరికిందన్నాను.

“నాగప్ప కడిగిననాడే దొరికె గదా,” అన్నాడు. కోపంగా అనలేదు. ఏదో గుర్తుచేస్తున్నట్టు అన్నాడు. “నా చెయ్యి దాని మీదనే ఉండె. నువ్వు నా పక్కనే నిలబడుంటివి.”

అవునన్నాను. రెండో పేరా సంగతి కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, అప్పటికి దానివల్ల అతనికి ప్రయోజనం లేదు.

“అంటే ఆ ఉగాదికే అయ్యేది.”

“అయ్యేదప్పా.”

“గొర్రెలకని అడిగితి సారూ ఆ దారి. ఇబుడు యాడుండాయి గొర్రెలు?” అంటూనే, “ఏస్తా తియ్యి, నీ పని నిల్చిపోతాది,” అని చెయ్యి చాపాడు.

సిరా పెట్టె తీయబోయాను. అవసరం లేకపోయింది. ‘నా అర్జీ నాకు తృప్తికరముగా పరిష్కరించబడినది’ అన్న వాక్యం కింద అతని బొటనవేలు ఎర్రగా పడింది. ఆ రంగు వాంగ్మూలం చెల్లుతుందా అని గుమాస్తా సందేహపడితే, చెల్లుతుందని నేనే నియమం చెప్పాను. ఈసారి చివరిదాకా చెప్పాను.

తర్వాత ఒకసారి ఆ దారిన నడిచాను. సర్కారు తుమ్మ మొలిచి ఉంది, కాలిగుర్తులు లేవు.

ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. నియమాన్ని సగంలో ఆపాలంటే దాన్ని పూర్తిగా చదివినవాడే కావాలి, చదవనివాడికి అది చేతకాదు. కొలిచిన పటాన్ని కొలిచిన రోజే సిరాతో గీసి సంతకం చేయాలి. మిగిలిన సర్వీసంతా నేను అలాగే చేశాను. అధ్యక్షుడు ఏ పార్టీలో ఉండాలన్నది ఏనాడూ నా చేతిలో లేదు. ఆయన కండువా మార్చడానికి ముందు ఐదు రోజులు మాత్రం నా చేతిలో ఉన్నాయి.