చిన్న రాకుమారి అప్పగింతలు

ఆదివారం పొద్దున టీవీలో రాజు సభలోకి రాగానే మా అత్తమ్మ కొంగు తల మీదికి లాక్కునేది. వనపర్తిలో ఆమె చిన్నప్పుడు రాజావారి కారు పోతుంటే ఆడవాళ్ళంతా అలాగే చేసేవారట. ఆ ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ పిల్లలు చదువుకోవడం మొదలై ఎన్నేళ్ళయినా ఆమె లెక్కలో రాజు రాజే. సీరియల్ మధ్యలో అదే నటుడు బనియన్ల ప్రకటనలో మాట్లాడితే గొంతు గుర్తుపట్టి, "గీయనకు గిదేం గతివట్టె" అని నొచ్చుకునేది.

నాకు ఆ భక్తి లేదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆత్మకూరు నుంచి కోడలిగా వచ్చాను. రాజుల సీరియళ్ళంటే అప్పటికే పిచ్చి, కానీ నేను చూసేది కథ కోసం కాదు. సైనికుడి భుజం మీద టీకా మచ్చ కనబడాలి. రాజుగారి మీసం ఒక కొస లేచి గాలికి ఊగాలి. మంత్రి చెయ్యి ఆనిస్తే కోట గోడ కదలాలి. పోయిన వారం యుద్ధంలో చచ్చినవాడు ఈ వారం అంతఃపురం తలుపు దగ్గర ఈటె పట్టుకుని నిలబడాలి. ఒకే ఏనుగు రెండు సైన్యాల్లోనూ పనిచేస్తే ఇక ఆ రోజు నాకు పండగే.

ఆ సీరియల్ ఢిల్లీ నుంచి హిందీలో వచ్చేది. గాజులమ్మే సాయబుతో అత్తమ్మ ఉర్దూలో బేరమాడి గెలిచేది గానీ, ఆ రాజులు మాట్లాడే సంస్కృతపు హిందీ సాయబుకు కూడా అర్థమయ్యేది కాదు. పైగా ఆమె రెండు కళ్ళకూ పొరలొచ్చాయి. ఒకటి పూర్తిగా మూసుకుపోయింది, రెండోదాంట్లో మసక మసకగా ఆకారాలు తెలిసేవి. అందుకని ఆమె మంచం మీద, నేను కింద కూర్చునేవాళ్ళం. అత్తగారి మంచం మీద కోడలు కూర్చోవడం ఆ ఇంట్లో లేదు. "ఏం జేస్తుండు పిల్లా?" అని ఆమె అడగడం, నేను చెప్పడం. పదో తరగతిలో నా హిందీ ఎలా గట్టెక్కిందో పేపరు దిద్దినవాళ్ళకే తెలియాలి. తెలియనిచోట నోటికొచ్చింది చెప్పేదాన్ని.

నాగర్‌కర్నూల్ దవాఖానలో సోమవారం సోమవారం కంటి ఆపరేషన్లు చేసేవారు. బస్సెక్కి రెండుసార్లు పోయాం. రెండుసార్లూ బీపీ ఎక్కువుందని తిప్పి పంపారు. రెండోసారి డాక్టరుకు విసుగొచ్చింది.

"ఏం మనాది పెట్టుకున్నవమ్మా?" అని అడిగాడు.

"చిన్న బిడ్డకు శిక్ష వడ్డది సారూ. వారం సంది నిద్ర లేదు."

ఆయన రాయడం ఆపి నా వైపు చూశాడు. "జైల్ల ఉన్నదా?"

"టీవీలో" అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. పొర ముదురుతోందని, వచ్చే సోమవారం కూడా బీపీ ఇలాగే ఉంటే ఆ కన్ను తమ వల్ల కాదని చెప్పేశాడు.

తిరుగు బస్సులో నాకు చెమటలు పట్టాయి. చిన్న బిడ్డ అంటే సీరియల్‌లో చిన్న రాకుమారి. వారం కిందట రాకుమారి "శిక్షా" గురించి గురువు రాజుతో ఏదో అన్నాడు. "శిక్షనా?" అని అత్తమ్మ అడిగింది. గురువుగారి గడ్డానికి తాడు కనబడుతుంటే నవ్వాపుకునే పనిలో ఉండి, నేను "అవునత్తమ్మా" అనేశాను. హిందీలో శిక్షా అంటే చదువని మా పంతులు ఎన్నిసార్లు చెప్పాడో. నా ఎగతాళి ఒక మనిషి కంటి మీదికి వచ్చిందని అప్పుడు గానీ తెలియలేదు. సిగ్గేసింది, భయం కూడా వేసింది.

"శిక్ష లేదత్తమ్మా, రాజు మాఫ్ చేసిండు" అన్నాను. ఉన్న సంగతి ఒప్పుకునే ధైర్యం రాలేదు.

"గట్లనా" అని ఆమె కిటికీకి తల ఆనించి నిద్రపోయింది.

ఆ ఆదివారం సీరియల్ మొదలైన కాసేపటికే చిన్న రాకుమారికి గుండెలో బాణం దిగింది. టీవీ పగలగొడదామన్నంత కోపం వచ్చింది నాకు. తెర నిండా ఏడుపులు. తెల్లపూలు పరిచి పిల్లను మోసుకుపోతున్నారు.

"ఏమైంది? ఎందుకేడుస్తుండ్రు?" అత్తమ్మ లేచి కూర్చుంది.

అంతలో గడ్డం గురువే చెయ్యెత్తి "కల్యాణ్ హో" అన్నాడు. క్షేమంగా ఉండమని ఆయన దీవెన. మన చెవికి పెళ్ళి.

"కల్యాణమా? ఎవరికి?"

"చిన్న బిడ్డకే."

"మరి ఏడుస్తుండ్రేంది?"

"అప్పగింతలు అత్తమ్మా. పల్లకి ఎక్కింది."

అప్పగింతలంటే ఏ తల్లి ఊరుకుంటుంది? అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బాగా ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని రెండు జొన్నరొట్టెలు తిని పడుకుంది. మర్నాడు బీపీ సరిగ్గా ఉంది. ఆపరేషన్ అయింది. చూపు వచ్చింది.

కొన్ని నెలలకు ఆ సీరియల్‌నే మధ్యాహ్నాలు మళ్ళీ వేశారు. నల్లద్దాలు తీసేసిన అత్తమ్మ ముందుకు వంగి మరీ చూసేది. నేను రోజులు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. బాణం దిగే రోజు రానే వచ్చింది. నేను వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలే కడుగుతూ నిలబడ్డాను.

"పిల్లా, జర ఇటు రా." పోయాను. తెర మీద తెల్లపూలు. "గివేనా అప్పగింతలు?"

నేను తడి చేతులు కొంగుకు తుడుచుకున్నాను.

"పెండ్లికొడుకు ఏడి అని గప్పుడే అడుగుదామనుకున్న."

"మరి అడగలేదేం అత్తమ్మా?"

"అడిగితే వానిగ్గూడ ఏ ఊరి నుంచో తోల్కొస్తుంటివి" అంది. తర్వాత కొంచెం మెల్లగా, "నీ గొంతు వణకవట్టె. నాకు పొరలు కండ్లల్ల ఉండె గని చెవులల్ల లేకుండె. బిడ్డ పోయిందని తెల్వనే తెల్సింది. నువ్వు అప్పగింతలంటివి, నేను కడుపునిండ ఏడ్సిన" అంది.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడానికి ఎప్పటిలాగే మంచం కోడు పక్కన నేల మీద చతికిలబడ్డాను. అత్తమ్మ మంచం మీద ఒక పక్కకు జరిగింది.

"పైకొచ్చి కూసో. గా రాజు మీసం ఊడుతున్నది, కిందికెల్లి నీకేం కనవడ్తది?"

పైకెక్కి పక్కన కూర్చున్నాను. రాజుగారు సభలోకి వచ్చారు. ఇద్దరం మీసం వైపే చూస్తున్నాం, కొంగు కప్పుకోవాలన్న సంగతి ఆమెకు గుర్తు రాలేదు.