ఎవరూ అడగని త్యాగం

ప్రతిభ పుట్టి పెరిగింది మహారాష్ట్రలోని మాజ్రి బొగ్గుగనుల కాలనీలో. తండ్రి సమ్మన్న కరీంనగర్ దిక్కు పల్లె నుంచి గనిపనికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో మరాఠీ. అయిదో తరగతిలో ఇంగ్లీషు పుస్తకం చేతికొచ్చింది. ఇంట్లో ఎవరికీ రాని భాష కాబట్టి అది తన ఒక్కదానిదే అనుకుంది ఆ పిల్ల. కొత్త మాట కనబడితే బొగ్గుముక్కతో వంటింటి గోడ మీద రాసేది. తల్లి సత్తమ్మ సున్నం వేసి చెరిపితే మళ్ళీ రాసేది. అర్థం తెలియాలన్న పట్టింపు అప్పట్లో లేదు. మాట పొడుగ్గా ఉంటే చాలు.

అన్న ఎల్లేష్ తొమ్మిదో తరగతిలో బడి మానేసి పనికి పోయాడు, తర్వాత గనిలోనే కుదురుకున్నాడు. ప్రతిభ మాత్రం చదివింది. వరోరాలో బి.ఏ., చంద్రపూర్‌లో బి.ఎడ్. చుట్టాలు ఎవరొచ్చినా సత్తమ్మ ఆ మాట చెప్పకుండా వదిలేది కాదు: "చెల్లె కోసం అన్న సదువు ఇడిసిపెట్టిండు." విన్నవాళ్ళు ఎల్లేష్ వైపు మెచ్చుకోలుగా చూసేవాళ్ళు. ప్రతిభ తలవంచుకునేది. ఆ బాకీ ఎట్లా తీరుతుందో ఆమెకు తెలియదు. బాగా చదవడం ఒక్కటే దారి అనుకుంది.

తొంభై రెండులో చంద్రపూర్‌లోని ఒక మరాఠీ మీడియం హైస్కూలులో ఇంగ్లీషు టీచరుగా చేరింది. ఊరికి ఇంగ్లీషు పిచ్చి పట్టిన రోజులవి. గనుల్లో కొత్త నౌకరీలు దాదాపు ఆగిపోయాయి. పుణేలో కొత్త కంపెనీలు వస్తున్నాయని, ఇంగ్లీషు వస్తే చాలు పిలిచి పని ఇస్తారని చెప్పుకునేవారు. గల్లీకొక స్పోకెన్ ఇంగ్లీషు బోర్డు వెలిసింది. ప్రతిభ కూడా పిల్లలకు మాటలు మోయించింది. రోజుకు కొన్ని పెద్ద మాటలు, పక్కన మరాఠీ అర్థాలు. పొద్దున క్లాసులోకి అడుగు పెడితే పిల్లలు ఎక్కాలు అప్పగించినట్టు అప్పగించేవాళ్ళు.

ఒకరోజు 'రిలక్టెంట్' అనే మాటతో వాక్యం చెప్పమంది. అర్థం 'అనిచ్ఛుక్', అంటే ఇష్టం లేని, అని అందరూ అరిచారు గానీ వాక్యం ఎవరూ చెప్పలేదు. చివరికి తిరుమల అనే అమ్మాయి లేచింది. ఇరయి నది ఒడ్డున పల్లపు బస్తీలో ఉండే తెలుగువాళ్ళ పిల్ల.

"ద బఫెలో ఈజ్ రిలక్టెంట్," అంది.

క్లాసంతా గొల్లుమంది. ప్రతిభ నవ్వలేదు. "ఎందుకు?" అని అడిగింది.

"వాగు దాటేటప్పుడు మ్యాడం. నీళ్ళల్లోకి కాలు పెడుతుంది, తీస్తుంది. పోనంటలేదు, పోతలేదు."

అనిచ్ఛుక్ అన్న మాటకంటే ఆ బర్రె కాలు 'రిలక్టెంట్'కు దగ్గరగా ఉంది. ప్రతిభకు అది తెలిసిపోయింది. తను గోడల మీద రాసుకున్న మాటల్లో ఎన్నింటిని ఇట్లా కళ్ళతో చూసిందో ఆలోచిస్తే గట్టిగా ఒక్కటీ తోచలేదు. మరుసటి రోజు నుంచి అప్పగింతలు ఆగిపోయాయి. కొత్త మాట చెప్పి, అది ఎక్కడ చూశారో చెప్పమనేది. మాటలు తగ్గాయి. క్లాసులో గోల పెరిగింది.

పదో తరగతి పుస్తకంలో అప్పుడొక కథ ఉండేది. ఒక చిన్న ఆనకట్ట దగ్గర తలుపులు ఎత్తి దించే కాపలాదారు కథ. వరద వస్తుంది. అతను ఆనకట్ట వదలకుండా నిలబడి, తలుపులు ఎత్తుతూ దించుతూ కింది ఊరిని కాపాడతాడు. నది పక్కనున్న అతని ఇల్లు మాత్రం కొట్టుకుపోతుంది. భార్య పిల్లలను తీసుకుని ఒంటరిగా గుట్ట ఎక్కుతుంది. నీళ్ళు తగ్గాక ఊళ్ళో సభ పెట్టి అతనికి పతకం ఇస్తారు. కథలో ఆఖరి వాక్యం ఇది: భార్య సభకు రాలేదు, బురదలో వంటగిన్నెలు వెతుకుతూ ఉంది.

ఈ పాఠం ఇతివృత్తం ఏమిటి అన్న ప్రశ్నకు బజారులో దొరికే గైడులో జవాబు సిద్ధంగా ఉంది: కర్తవ్యనిష్ఠ, త్యాగం. ప్రతి ఏడూ పిల్లలందరూ అదే రాసేవాళ్ళు, టీచర్లందరూ మార్కులు వేసేవాళ్ళు. బోర్డు పరీక్షకు ముందు స్కూలులో పెట్టే ప్రిలిమ్‌లో ఈ ప్రశ్న వచ్చింది. పేపర్లు దిద్దింది హెడ్మాస్టర్ గౌర్‌కార్ సర్. తనూ ఇంగ్లీషు చెప్పినవాడే, చాలా ఏళ్ళ అనుభవం ఉన్నవాడు. తిరుమల జవాబుకు సున్నా పెట్టి, ఆ పేపరు ప్రతిభ ముందు పెట్టాడు.

తిరుమల వచ్చీరాని ఇంగ్లీషులో రాసింది. దాని సారం ఇది: కాపలాదారు త్యాగం చేశాడు. అతని భార్య చేయలేదు. త్యాగం అంటే మనం ఇచ్చేది. ఆమెను ఎవరూ అడగలేదు. ఆమెది నష్టం. ఈ కథ ఆ రెండింటి మధ్య తేడా గురించి.

ప్రతిభ రెండుసార్లు చదివింది.

"ఇది తప్పెలా అవుతుంది సర్?" అని మరాఠీలో అడిగింది.

"తప్పని నేననలేదు," అన్నాడు గౌర్‌కార్ సర్. "బోర్డులో పేపరు దిద్దేవాడికి ఒక నమూనా జవాబు ఇస్తారు. రోజుకు కట్టల కొద్దీ పేపర్లు. ఈ పిల్ల ఆలోచన అర్థం చేసుకునే తీరిక వాడికి ఉంటుందా? మార్కులు పోతే మీరు ఇస్తారా మ్యాడం? ఆ ఇంట్లో పదో తరగతి దాకా వచ్చిన మొదటి పిల్ల అది."

అతను పిల్ల మీద కోపంతో సున్నా పెట్టలేదు. భయంతో పెట్టాడు. అది ప్రతిభకు అర్థమవుతూనే ఉంది. అందుకే వాదన పెంచలేక బయటికి వచ్చేసింది.

తిరుమల వరండాలో నిలబడి ఉంది. ప్రతిభ తెలుగులో అడిగింది. "గిట్ల రాయాల్నని నీకెట్ల తోచిందే?"

"మొన్న వానకాలం మా ఇంట్లకు నీళ్ళొచ్చినయ్ మ్యాడం. బాపు ఊర్జానగర్ల కరెంటు ఫ్యాక్టరీ పనికి పోయిండు. పోకుంటే ఆ పని ఇంకొకనికి పోతది. మా అవ్వనే సామాన్లన్ని డాబా మీదికి ఎక్కిచ్చింది. అందరు బాపునే అడిగిండ్రు, వానల ఎట్ల వోయినవ్ రాయమల్లూ అని. అవ్వను ఎవ్వలు అడగలే."

ఆ మాటలు ప్రతిభ వెంటే ఇంటిదాకా వచ్చాయి. రెండు రోజులు వదల్లేదు. ఆమెకు గుర్తొస్తున్నది తిరుమల తల్లి లస్మవ్వ కాదు, తండ్రి రాయమల్లు కాదు. అన్న ఎల్లేష్. త్యాగం, త్యాగం అని ఇన్నేళ్ళు చెప్పుకున్నారు. అతన్ని ఎవరైనా అడిగారా? అడగకుండానే బడి మాన్పించి, దానికి పెద్ద పేరు పెట్టి మెడలో వేశారా? తను చదివిన ప్రతి పుస్తకం అన్న దగ్గర లాక్కున్నదేనా?

ఆదివారం పొద్దున బస్సెక్కి మాజ్రి పోయింది. ఎల్లేష్ క్వార్టర్ ముందు సైకిల్ చైనుకు నూనె వేస్తూ కూర్చున్నాడు.

"ఏందే, చెప్పకుంట వచ్చినవ్? అంత మంచిగనేనా?"

"అన్నా, నిన్నొకటి అడుగుత. ఉన్నదున్నట్టు చెప్పాలె."

"అడుగు."

"నాకోసం సదువు ఇడిసిపెట్టినవంటరు గద. అప్పుడు నిన్ను బాపు అడిగిండా? లేకుంటే ఊకెనే పనిల పెట్టిండా?"

ఎల్లేష్ నూనెడబ్బా కింద పెట్టి ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత గట్టిగా నవ్వాడు. లోపలి నుంచి వదిన తొంగి చూసింది.

"అడిగిండే. సదువుకుంటవా, పనికి వోతవా అని మంచిగ కూసోబెట్టుకోని అడిగిండు. నేనప్పటికే బడి ఎగ్గొట్టి వర్ధా నది దిక్కు తిరుగుడు. ఇంగ్లీషు మాస్టరంటె పానం పోయేది. పనికే పోత బాపూ అన్న. ఆ రోజు నా అంత ఖుషీగ ఎవ్వలు లేరు."

"మరి అందరు గట్ల అంటుంటె ఇన్నేండ్ల సంది ఊకున్నవేంది?"

"పదిమంది మెచ్చుకుంటుంటె కాదని ఎవడంటడు?" అని మళ్ళీ నవ్వాడు.

ప్రతిభకు ఒళ్ళు తేలికైనట్టు అనిపించింది, కోపమూ వచ్చింది. ఇన్నేళ్ళు మోసిన బరువు ఉత్తదేనా! ఎల్లేష్ చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. నవ్వు తగ్గాక గొంతు తగ్గించి మాట్లాడాడు.

"గానీ ఒక మాట చెల్లె. ఇప్పుడు నడుము పట్టేస్తది సూడు, గని లోపల నీళ్ళల్ల నిలవడ్డప్పుడు. అప్పుడనిపిస్తది, ఆ రోజు బాపు అడగకుంట రెండు తన్ని బడికి గుంజుకపోతే బాగుండు అని. పద్నాలుగేండ్ల పోరన్ని అడిగితె ఏం చెప్తడే? పనికే పోత అంటడు."

వదిన చాయ్ తెచ్చింది. ఎల్లేష్ పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నారు. ప్రతిభ మధ్యాహ్నం బస్సుకు తిరిగి వచ్చేసింది. దారంతా కిటికీ బయట బొగ్గు లారీలు. అన్న కథకు ఇతివృత్తం ఏమిటని ఎవరైనా అడిగితే తను ఇన్నేళ్ళూ ఒకటి చెప్పేది, నిన్న ఇంకొకటి చెప్పేది. రెండూ అతన్ని అడగకుండా తేల్చుకున్నవే. అడిగాక తెలిసింది ఆ రెంటిలో దేనికీ ఒదగలేదు.

సోమవారం క్లాసులో తిరుమల జవాబును అందరికీ చదివి వినిపించింది. పిల్ల సిగ్గుతో డెస్కులోకి దూరిపోయింది. మెచ్చుకుంటుందని అందరూ ఎదురుచూస్తుంటే ప్రతిభ ప్రశ్న వేసింది.

"ఆమెను ఎవరూ అడగలేదని నీకెలా తెలుసు? మీ ఇంట్లో జరిగింది మీ ఇంటిది. ఈ కథలో ఎక్కడుందో చూపించు."

తిరుమల మొహం చిన్నబోయింది. పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టింది. మిగతావాళ్ళూ తెరిచారు. వెనక బెంచీలో ఒకడు, కాపలాదారు వరదకు ముందే గుట్ట మీదికి పొమ్మని భార్యకు కబురు పంపాడు, పట్టించుకున్నట్టే కదా అన్నాడు. ఇంకొకమ్మాయి, కబురు పంపడం వేరు, అడగడం వేరు అంది. అతను ఆనకట్ట వదిలి వస్తే ఊరు మునిగేది, అడిగే సమయం ఎక్కడిది అని మరొకడు లేచాడు. మాట మీద మాట పెరిగింది. ఈ గోల నడుమ తిరుమల చెయ్యెత్తింది.

"మ్యాడం, కథ మొత్తంలో ఆమె ఒక్క మాట కూడా మాట్లాడదు. కాపలాదారు మాట్లాడతాడు, కలెక్టర్ మాట్లాడతాడు, ఊరోళ్ళు మాట్లాడతారు. ఆమెకు పేరు కూడా లేదు."

కొన్నేళ్ళుగా ఆ పాఠం చెబుతున్న ప్రతిభ కూడా పేజీలు తిప్పి చూసుకుంది. నిజమే, లేదు.

"ఇప్పుడు నీ జవాబు నిలబడింది," అంది. "ఇది కూడా రాయి."

తలుపు దగ్గర గౌర్‌కార్ సర్ ఎప్పుడొచ్చి నిలబడ్డాడో ఎవరూ చూడలేదు. గోల విని వచ్చినట్టున్నాడు. కాసేపు విని వెళ్ళిపోయాడు. సాయంత్రం ప్రతిభను పిలిచాడు. ముందు గైడులో ఉన్నది రెండు వాక్యాల్లో రాయించండి, దిద్దేవాడికి అది కనబడాలి, ఆ తర్వాత పిల్లలు తమకు తోచింది పాఠంలో చూపించి రాసుకోవచ్చు అన్నాడు. సున్నా కొట్టేసి ఆ జవాబుకు మార్కులు వేశాడు. ప్రతిభ మనసు పూర్తిగా ఒప్పుకోలేదు. అయినా సరే అంది. ఆ పిల్లలకు ముందున్నది బోర్డు పరీక్ష. తన పంతం వాళ్ళ మార్కులతో ఆడుకోకూడదు.

కొన్నాళ్ళకు గోల్ బజార్‌లో కూరగాయల దగ్గర లస్మవ్వ ఎదురైంది. "మా పోరి ఏం రాసింది మ్యాడం? బడిల లొల్లి అయిందట గద," అని కంగారుగా అడిగింది. ప్రతిభ అక్కడే నిలబడి కథంతా, తిరుమల రాసినదీ తెలుగులో చెప్పింది. లస్మవ్వ సంచీ చంకన పెట్టుకుని శ్రద్ధగా విన్నది.

"మరి గిన్నెలు దొరికినయా ఆమెకు?" అంది.

కథలో అది లేదని చెప్పింది ప్రతిభ.

"దొరుకుతయ్ తియ్. నీళ్ళు గుంజినంక ఇత్తడియి బయటపడ్తయ్. సత్తుయే కొట్టుకపోతయ్," అని, వంకాయలు ఏరుకుంటూ వెళ్ళిపోయింది.

బోర్డులో ఆ పాఠం మీద ప్రశ్నే రాలేదు. తిరుమలకు ఇంగ్లీషులో అరవై చిల్లర వచ్చాయి. పేపర్లో ఫోటో పడేంత ఏమీ కాదు. జూనియర్ కాలేజీలో చేరి, తర్వాత నర్సింగు చదివి, వరోరా ఆసుపత్రిలో కుదిరింది. ప్రతిభ అదే బడిలో ఉండిపోయింది. స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులవాళ్ళు రెండుసార్లు పిలిచారు, పోలేదు. గైడులు వస్తూనే ఉన్నాయి, పిల్లలు కొంటూనే ఉన్నారు. తనూ కొనొద్దని చెప్పలేదు. గైడు చెప్పిన ఇతివృత్తాన్ని పాఠంలో వెతికి చూపించమనేది, అంతే. ఒక్కోసారి దొరికేది, ఒక్కోసారి దొరికేది కాదు.

రెండు వేలలో గౌర్‌కార్ సర్ రిటైరయ్యాడు. ఆఖరి వారం ఒకరోజు పదో తరగతి గదిలోకి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. అప్పటికి పుస్తకం మారింది. ఆరోజు పాఠం ఒక ముసలి వడ్రంగి కథ. ప్రతిభ ఇతివృత్తం అడగ్గానే పిల్లలు తలా ఒకటి అన్నారు. గౌర్‌కార్ సర్ ఉండబట్టలేక లేచి, ఇందులో ఆలోచించడానికేముంది, శ్రమే దైవం అన్నదే ఇతివృత్తం అన్నాడు.

ముందు బెంచీలో ఒకమ్మాయి వెనక్కి తిరిగి, "ఎక్కడుంది సర్? చూపించండి," అంది.

గౌర్‌కార్ సర్ ఒక్క నిమిషం ఆ పిల్లనే చూశాడు. తర్వాత పక్కనున్నవాడి పుస్తకం దగ్గరికి లాక్కుని, జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు.