మా తోడికోడలి కళ్ళు

ఆత్మకూరు బస్టాండు దగ్గర మాకు ఒక మ్యాచింగ్ సెంటర్ ఉంది. చీరకు తగ్గ ఫాలు, లైనింగు, జాకెట్టు గుడ్డ, దారం అమ్ముతాం. ఇరవై ఏళ్ళు ఆ కొట్లో నా మాటే మాట. వింజమూరు నుంచి, కలువాయి నుంచి చీరలు సంచిలో పెట్టుకుని వచ్చే ఆడవాళ్ళు, "అక్కా, నువ్వే చూసియ్యి" అనేవాళ్ళు. కొంగు ఒక్కసారి చూసి, అరలోంచి గుడ్డ తీసి పక్కన పరిచేదాన్ని. నాకు కాస్త గర్వంగా ఉండేది. కాస్తేమిటి, బాగానే ఉండేది.

పిల్లలు కాలేజీలకు వెళ్ళిపోయాక మా తోడికోడలు కూడా కొట్లో కూర్చోవడం మొదలుపెట్టింది. ఆమెది ఉదయగిరి. నాకంటే పద్నాలుగేళ్ళు చిన్న. వచ్చిన నెలలోనే ఒక టీచరమ్మ ముదురు నేరేడు రంగు చీర తెచ్చింది. నేను ఫాలు తీసి ఇచ్చాను.

"అక్కా, అది నేవీ బ్లూ. చీరలో ఎరుపు ఉండాది" అంది మా తోడికోడలు మెల్లగా.

"ఏడుండాది ఎరుపు?"

టీచరమ్మ రెండూ తీసుకుని ఎండలోకి పోయి చూసి వచ్చింది. "చిన్నామె చెప్పిందే కరెక్టు" అంది.

ఆ రోజు నాకు అన్నం సయించలేదు. తర్వాత తర్వాత మెట్లెక్కేవాళ్ళు నా భుజం మీదుగా లోపలికి చూసి, "చిన్నామె లేదా?" అనడం మొదలైంది. నిన్న చూసిన చీర రంగు గుర్తుపెట్టుకుని ఈరోజు దారం తీసి ఇచ్చేది ఆమె. అదేమీ గొప్ప కానట్టే ఉండేది. అదే నాకు మరీ మంట. ఆమె చూడనప్పుడు ఆమె కళ్ళకేసి చూసేదాన్ని. మామూలు కళ్ళే. కాటుక కూడా సరిగ్గా పెట్టుకోదు.

ఒక మధ్యాహ్నం ఆమె వెనక గదిలో అన్నం తింటోంది. సోమశిల నుంచి ఒక పెళ్ళికూతురి తల్లి వచ్చి, చిన్నామె ఉందా అని నన్ను అడిగింది.

"ఊరికి పోయిందమ్మా" అన్నాను. గోడ అవతల గిన్నె చప్పుడు వినిపిస్తూనే ఉంది. జాకెట్టు గుడ్డ నేనే ఇచ్చి పంపాను.

నాలుగో రోజు ఆ తల్లి కుట్టించిన జాకెట్టు తెచ్చి బల్ల మీద పెట్టింది. చీర ముదురు నీలం. జాకెట్టు నలుపు.

"పెళ్ళిపిల్లకు నల్లది తొడగమంటావా అక్కా?"

మా తోడికోడలే ముందుకొచ్చి, "తప్పు నాదమ్మా, అరలు నేనే కలిపేసినాను" అంది. వేరే గుడ్డ తీసి, పక్కనున్న టైలరు చేత సాయంత్రానికల్లా కుట్టించి పంపింది.

ఆవిడ వెళ్ళాక నా వైపు తిరిగింది. "ఆ రోజు నేను లోపలే ఉన్నాను. నీ మాట వినబడింది."

నేను బల్ల మీది నల్ల జాకెట్టు మడత పెట్టసాగాను.

"అది పోనీ. నలుపూ నీలమూ నీకు ఒకటిగా కనిపిస్తా ఉండాయి. ఏడాదిగా చూస్తా ఉన్నాను. పద, కళ్ళు చూపిద్దాం."

నెల్లూరులో డాక్టరు నా కంట్లోకి లైటు వేసి చూశాడు. రంగులు పట్టే కణాలు కంటి లోపల మూడు రకాలుంటాయనీ, అవి అందరికీ ఒకేలా ఉండవనీ చెప్పాడు. కొందరు మగవాళ్ళకు పుట్టుకతోనే ఎరుపూ పచ్చా తేడా తెలియదట. "మీది అది కాదమ్మా. శుక్లం. వయసుతో కంట్లో లెన్సు పసుపెక్కింది. నీలం వెలుతురును లోపలికి పోనివ్వడం లేదు."

నా గురించి అడగాల్సింది పోయి, "మరి ఈమెకు అంత బాగా ఎట్లా కనిపిస్తాది?" అన్నాను.

ఆయన నవ్వాడు. "కొందరు ఆడవాళ్ళకు నాలుగో రకం కణాలు కూడా ఉంటాయంటారు. ఈమెకు ఉన్నాయో లేవో నేను చెప్పలేను."

తిరుగు బస్సులో నాకు ఆపరేషను భయం లేదు. ఆ నాలుగో రకం గురించే ఆలోచన. దేవుడు ఆమెకు ఒకటి ఎక్కువ ఎందుకిచ్చినట్టు?

ముందు కుడికంటికి ఆపరేషను చేశారు. కట్టు విప్పాక ఒక్కో కన్నూ మూసి చూశాను. ఆసుపత్రి దుప్పటి పాతకంటికి నెయ్యి రంగులో ఉంది, కొత్తకంటికి నీలం కలిపిన తెలుపులో. కొట్టుకు రాగానే నల్లదారాల సొరుగు లాగాను. సగం నలుపు కాదు. నేవీ బ్లూ, వంకాయ రంగు, ముదురు నెమలి కంఠం. అన్నీ నా చేత్తో నేను సర్దినవే. ఎంతమందికి ఏమేం అంటగట్టి పంపానో! అక్కడే పీట మీద కూలబడి ఏడ్చాను. ఆమె నా పక్కన కూర్చుని రీళ్ళు వేరు చేయసాగింది.

రెండో కన్ను కూడా అయిపోయింది. ఇప్పుడు నలుపు దగ్గర మా మధ్య పేచీ లేదు. కానీ మొన్న ఆమె రెండు కనకాంబరం గుడ్డలు నా ముందు పరిచి, "ఇది ఒక పిసరు పసుపు ఎక్కువ, కదక్కా?" అంది.

ఎంత చూసినా నాకు రెండూ ఒకటే.

"కనిపిస్తా ఉండాది కదా?" అని మళ్ళీ అడిగింది, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

"కనిపిస్తా ఉండాదిలే" అన్నాను.