మంచానికి వేలాడిన బత్తాయిల సంచి

ఆ ఆదివారం చర్చిలో మా ఆయన పాట పాడలేదు. ఇది మీకు చిన్న సంగతిలా అనిపించవచ్చు. మా ప్రకాశం గొంతు తెలిసినవాళ్ళకి మాత్రం కాదు. ఆయన వెనక వరుసలో నిలబడి ఎత్తుకుంటే ముందు వరుసలో పిల్లలు తిరిగి చూస్తారు. అలాంటి మనిషి ఆ రోజు గోడకి చేరబడి కూర్చుండిపోయాడు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ లుంగీ ఎగగట్టినప్పుడు చూశాను, పిక్కల మీద నల్లగా కమిలిన మచ్చలు.

"ఎక్కడ తగిలించుకున్నారండీ?"

"ఎక్కడా తగల్లేదే."

"తగలకుండా ఒళ్ళు కమిలిపోద్దా?"

"గట్టు మీద తిరిగేవాణ్ణి, ఏదో గీసుకుని ఉంటది. నువ్వు గోరంతని కొండంత చెయ్యకు, సుజాతా."

అన్నం తింటుంటే ముద్దకి నెత్తురు అంటింది. చిగుళ్ళ నుంచి. ఆయన ఆ ముద్ద పక్కకి తీసిపెట్టి తక్కింది తినేశాడు. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

మాది బంటుమిల్లి దాటి లోపలికి వెళ్ళే ఊరు. ఆయన రొయ్యల చెరువుల మీద కాపలా ఉంటాడు, నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. శనివారం ఇంటికి వస్తే సోమవారం పొద్దున్నే మళ్ళీ గట్టు మీది గుడిసెకి వెళ్ళిపోతాడు. పక్క చెరువుకి కాపలా ఉండే బాజీ అన్నయ్యది మచిలీపట్నం, మేం బందరు అంటాం. ఇద్దరూ కలిసి వండుకుంటారు. వండుకోవడం అంటే అన్నం వార్చుకోవడమే. అందులోకి ఊరగాయ, ఎండుచేప, ఎప్పుడన్నా గుడ్డు. కూరగాయలు ఆ ఎండకి నిలవుండవు, కొనడానికి వెళ్దామంటే కాపలా వదిలి కదలకూడదు. మా ఇంటి పెరట్లో ఒకప్పుడు బీరపాదు, ఆనపపాదు ఉండేవి. చుట్టూ చెరువులు తవ్వాక నేల ఉప్పెక్కిపోయింది. ఇప్పుడు విత్తనం వేస్తే రెండాకులు వేసి మాడిపోతుంది. "పెరట్లో నాలుగు మొక్కలు పెంచుకోండమ్మా" అని సలహా ఇచ్చేవాళ్ళు ఒకసారి మా మట్టి నాలిక మీద వేసుకుని చూస్తే బాగుంటుంది.

సరే, ముందు మా ఊరి ఆర్ఎంపీ గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన కన్ను చూసి, నాలిక చూసి, "ఒంట్లో వేడి ఎక్కువైంది. ఇంజెక్షన్ చేశాను. కొన్నాళ్ళు పులుపు తగ్గించండి" అన్నారు.

తగ్గించమంది ఆయన. మా అత్తయ్య సంతోషమ్మ గారు పూర్తిగా మానిపించేసింది. ఆవిడకి పథ్యం అంటే బైబిలు వాక్యం తర్వాత మళ్ళీ అంతటిది. నిమ్మకాయ తింటే గాయం చీము పడుతుంది, టమాటా కూడా అంతే. గోంగూర పైత్యం, వంకాయ దురద, గుమ్మడికాయ వాతం, ఆనపకాయ జలుబు. జామకాయ సంగతి ఎత్తితే దగ్గుతో పోతాడంది. అన్నీ కొట్టేయగా కారప్పొడి, వెల్లుల్లి మిగిలాయి. ఆ కారప్పొడి డబ్బాకి నింపి మరీ కొడుకు చేతికిచ్చి చెరువుకి పంపింది.

ఇంజెక్షన్లు అయిపోయాయి, నెత్తురు ఆగలేదు. గుడివాడలో పళ్ళ డాక్టరు గారికి చూపిస్తే "గమ్ ఇన్‌ఫెక్షన్, క్లీనింగ్ చెయ్యాలి" అన్నారు. "మందు తాగుతారా?" అనడిగారు. మా ఆయన జన్మలో ముట్టలేదు. ఆ మాట చెబితే డాక్టరు గారు నా వైపు చూసి ఓ నవ్వు నవ్వారు, పాపం ఈవిడకి తెలీదులే అన్నట్టు. ఆ తర్వాత మేం ఎక్కిన ప్రతి ఆస్పత్రిలోనూ అదే ప్రశ్న, అదే నవ్వు. తాగేవాడైనా బాగుండేది, ఒకసారి ఒప్పుకుని ముందుకెళ్ళేవాళ్ళం అనిపించేంత విసుగొచ్చింది నాకు.

క్లీనింగ్ తర్వాత నెత్తురు ఇంకా ఎక్కువైంది. చెరువులో పెంకు గీసుకున్న గాయం ఎంతకీ మానలేదు. ఓ పన్ను ఊగడం మొదలుపెట్టింది. చివరికి ఒక పొద్దున బాజీ అన్నయ్య బండి మీద కూర్చోబెట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు. మోకాలు కొబ్బరిబోండాంలా వాచి ఉంది.

"రాత్రంతా మూలుగుతానే ఉన్నాడు చెల్లెమ్మా. ఇంక నాకు భయమేసింది" అన్నాడు.

బందరులో ఆస్పత్రిలో చేర్చుకున్నారు. రోజూ రక్తం తీసేవారు. డెంగ్యూ నెగెటివ్. ప్లేట్‌లెట్స్ నార్మల్. హిమోగ్లోబిన్ బాగా తక్కువ. లివర్ బాగానే ఉంది, ఆ రిపోర్టు చూశాక గానీ తాగడని నమ్మలేదు. స్కానింగ్ కూడా తీశారు. చిన్న డాక్టరుబాబు ఒకరు రిపోర్టులన్నీ తిరగేసి, "అవసరమైతే బోన్ మారో టెస్టుకి విజయవాడ పంపిద్దాం" అన్నారు.

"అదెందుకు బాబూ?"

"బ్లడ్‌లో ఏమన్నా ఉందేమో రూలౌట్ చెయ్యడానికమ్మా. కంగారు పడకండి."

కంగారు పడకండి అని చెప్పి ఆయన వెళ్ళిపోయారు. నేను వార్డు బయట మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. బ్లడ్ క్యాన్సర్ అనే మాట ఎవరూ నోటితో అనలేదు, అయినా అందరి మొహాల మీదా అదే కనిపించేది.

ఇక చూడటానికి వచ్చేవాళ్ళు మొదలయ్యారు. మనవైపు సంగతి మీకు తెలుసు కదా, ఆస్పత్రికి ఎవరూ ఒట్టి చేతులతో రారు. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసి బత్తాయిలు ఇచ్చారు. చెరువుల ఓనరు యాపిల్స్ పంపారు. చర్చివాళ్ళు, మా అన్నయ్యలు, బాజీ అన్నయ్య, అందరూ బత్తాయిలే. ఆ సంచులన్నీ కలిపి మా అత్తయ్య ఒక పెద్ద సంచీలో వేసి మంచం కమ్మికి వేలాడదీసింది. ఎవరైనా వస్తే సంచి మూతి కాస్త తెరిచి చూపించేది, ఎంతమంది వచ్చారో తెలియాలిగా.

ఒక కాయ కోసి ఇవ్వబోతే మా ఆయన మొహం తిప్పేసుకున్నాడు.

"నేనేం చావబోతున్నానా, పళ్ళు తినడానికి?"

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. వాళ్ళ నాన్న పోయే ముందు రోజుల్లో తప్ప ఆ ఇంట్లో ఎన్నడూ బత్తాయి ఒలిచింది లేదట. ఆయన లెక్కలో పండు ఇంట్లోకి వచ్చిందంటే మనిషి బయటికి వెళ్ళిపోతాడు. ఇటు కొడుకు తినడు, అటు "పులుపు, పథ్యం" అని తల్లి తిననివ్వదు. పక్క మంచాలవాళ్ళకి మాత్రం అడిగి మరీ పంచింది.

విజయవాడ వెళ్ళాల్సి వస్తుందనుకుంటున్న రోజున పెద్ద డాక్టరు మేడం రౌండ్స్‌కి వచ్చారు. ఆవిడ రిపోర్టులు పక్కన పెట్టి ఆయన కాళ్ళు చూశారు. టార్చి వేసి వెంట్రుకల మొదళ్ళ దగ్గర ఎర్రటి చుక్కలు చూశారు. నోరు తెరిపించి చూశారు. నేను ఇంక మందు ప్రశ్నే వస్తుందని ఎదురుచూస్తున్నాను.

"రోజూ ఏం తింటావయ్యా?" అన్నారు.

"అన్నం మేడం."

"అన్నంలోకి?"

"ఊరగాయ, ఎండుచేప. ఈమధ్య కారప్పొడి."

"కూరగాయలు?"

"చెరువు మీద మాకెక్కడియండీ."

"పళ్ళు?"

దానికి మా అత్తయ్య అందుకుంది. "అయ్యో, పళ్ళకేం మేడం గారూ, బోలెడున్నాయి. ఇదిగో, సంచి నిండా ఉన్నాయి చూడండి!"

మేడం ఆ సంచి వంక చూశారు. "ఇందులో ఇతను ఎన్ని తిన్నాడు?"

"పుల్లటివి కదండీ, పథ్యం."

మేడం స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"అమ్మా, ఇది స్కర్వీలా ఉంది. ఒంట్లో విటమిన్ సి లేకపోతే వస్తుంది. పుస్తకాల్లో చదివిందే ఎక్కువ, నేను చూసింది తక్కువ. పూర్వం నెలల తరబడి ఓడల మీద ఉండేవాళ్ళకి వచ్చేది. టాబ్లెట్లు మొదలుపెడదాం, వారంలో తేడా తెలియాలి. తెలియకపోతే అప్పుడు విజయవాడ. ఈలోగా ఆ సంచి విప్పండి."

"ఆయన తినే ఊరగాయ నిమ్మకాయదే కదా మేడం?" అన్నాను నేను.

"ఏడాది ఊరిన కాయలో పెద్దగా మిగలదమ్మా. పచ్చిది కావాలి."

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది మా పని. అన్ని సూదులు, అన్ని రిపోర్టులు, అంత ఏడుపు. కావాల్సింది ఆయన తలకి జానెడు దూరంలో వేలాడుతూ ఉంది. నాకు సంతోషం కంటే ముందు ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రం బత్తాయి ఒలిచి, గింజలు తీసి, తొనలు ఆయన నోట్లో కుక్కినంత పని చేశాను. "మీరు చావడానికి కాదు, చావకుండా ఉండటానికి తింటున్నారు, మింగండి" అన్నాను. వార్డంతా విన్నారు. విననివ్వండి.

వారం తిరక్కుండానే చిగుళ్ళలో నెత్తురు ఆగింది. మోకాలు వాపు తీసింది. గాయం పక్కు కట్టింది. విజయవాడ ప్రయాణం ఆగిపోయింది, దేవుడికి స్తోత్రం.

ఇక్కడితో కథ అయిపోయిందనుకున్నారా? నేనూ అలాగే అనుకున్నాను.

ఇంటికొచ్చాక మా అత్తయ్య ఎవరడిగినా "బ్లడ్‌లో ఏదో ఇన్‌ఫెక్షనంట" అని చెప్పడం మొదలుపెట్టింది. నిజం చెప్పొచ్చు కదా అంటే, "కూరానారా తినక జబ్బు చేసిందంటే నలుగురూ ఏమంటారే? కోడలు తిండి పెట్టట్లేదనరూ?" అంది. నా పరువు కోసమంట! సంచిలో మిగిలిన యాపిల్స్ ఏమయ్యాయని చూస్తే, వాటిని పట్టుకెళ్ళి కాలు విరిగిన తన చెల్లెల్ని పలకరించి వచ్చింది. అవి అక్కడ మాత్రం ఎవరు తిని ఉంటారు? ఇంకో ఆస్పత్రికి వెళ్ళి ఉంటాయి.

మా ఆయన కాస్త కోలుకోగానే చెరువు మీదికి వెళ్ళిపోయాడు. నేను సంచిలో జామకాయలు పెడితే తీసి గడప మీద పెట్టాడు. "ఇప్పుడు బాగానే ఉన్నాగా. నేనేం పేషెంటునా?" అన్నాడు. టాబ్లెట్లు అయిపోయాయి, మళ్ళీ కొనలేదు. కొన్ని నెలలకి శనివారం అన్నం తింటుంటే మళ్ళీ అదే, ముద్దకి నెత్తురు. ఈసారి ఆయన ముద్ద పక్కన పెట్టలేదు, నా మొహం చూశాడు. భయపడ్డాడు.

మేడం దగ్గరికి వెళ్తే గట్టిగానే తిట్టారు. "ఇది తగ్గిపోయి వదిలేసే జబ్బు కాదయ్యా. తినడం మానితే మళ్ళీ వస్తుంది. టాబ్లెట్ కంటే జామకాయ చవక."

ఆ రోజుల్లోనే మా ఊళ్ళో పోషకాహారం మీటింగ్ ఒకటి పెట్టారు. గోడకి రంగురంగుల చార్టు కట్టారు. అందులో స్ట్రాబెర్రీ, కివీ, ఆకుపచ్చగా పువ్వులాంటిదేదో. నేను లేచి అడిగాను, "ఇవి మా ఊరికి వచ్చే కూరగాయల ఆటోలో ఉండవండీ. ఉన్నవాటి గురించి చెప్పండి" అని. వచ్చినావిడ నవ్వి, పేజీ తిప్పింది. వెనక నుంచి మా అత్తయ్య "నోరు మూసుకుని కూర్చోవే" అంది.

సరే, ఎవరూ చెప్పకపోతే మనమే చూసుకోవాలి. రొయ్యల మేత వచ్చే ఖాళీ బస్తాల్లో మంచినీళ్ళ కాలవ గట్టు మట్టి నింపాను. నేలలో ఉప్పున్నా బస్తాలో ఉండదు కదా. బియ్యం కడిగిన నీళ్ళు పోసి తోటకూర, గోంగూర, మిరప పెంచుతున్నాను. రెండు బస్తాలు గుడిసె పక్కన గట్టు మీదికీ పంపాను, వాటికి కాపలా కూడా వాళ్ళే. జామ, ఉసిరి కాలంలో అవి, లేనప్పుడు నిమ్మకాయలు. అన్నంలో పిండుకున్నా, మజ్జిగలో పిండుకున్నా, పచ్చిది ఒంట్లోకి వెళ్తే చాలు. మా అత్తయ్య చాటుగా బస్తాలకి నీళ్ళు పోస్తోంది. పథ్యం సంగతి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోదు.

మా ఆయన మళ్ళీ పాడుతున్నాడు. చిగుళ్ళు గట్టిపడ్డాయి, ఊగిన పన్ను మాత్రం పోయింది. పోయిన నెల మేమిద్దరం బందరు వెళ్ళినప్పుడు, నేను చెప్పకుండానే ఆయన బత్తాయిలు కొన్నాడు. బాజీ అన్నయ్య ఇంటికి పోదామన్నాడు. తలుపు తీసిన అన్నయ్య భార్య రహీమా మమ్మల్ని చూసింది, సంచి చూసింది. మొహం పాలిపోయింది.

"అన్నయ్యా, మా ఆయనకేమైంది? ఏ ఆస్పత్రిలో పెట్టారు?" అని గుమ్మం పట్టుకుంది.

"ఏమీ కాలేదమ్మా. శుభ్రంగా చెరువు మీదే ఉన్నాడు" అన్నాడు మా ఆయన. "కాకముందే తెచ్చాను."

ఆవిడ నమ్మలేదు. ఫోన్ చేసి బాజీ అన్నయ్య గొంతు వినిపిస్తే గానీ కూర్చోలేదు. మా ఆయన గడప మీదే కూర్చుని ఒక కాయ ఒలిచి, గింజలు తీసి, తొన ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ తినేదాకా లేవలేదు.

నేను చెప్పగలిగేదీ ఇంతే. పండ్ల సంచి మంచం పక్కన పెట్టి వచ్చేయకండి. ఒక కాయ ఒలిచి చేతిలో పెట్టి, తినేదాకా కూర్చోండి. అదీ ఆస్పత్రి దాకా ఆగకుండా ఇంట్లోనే చేయండి. నేను ఆటో దగ్గర జామకాయలు ఏరుతుంటే మా ఎదురింటి పిన్ని ఇప్పటికీ అడుగుతుంది, "ఎవరికి బాగోలేదే సుజాతా?" అని. "అందరం బాగున్నాం పిన్నీ" అని ఓ కాయ ఆవిడ చేతిలో పెడతాను.